వ్యసనమంటే దుఃఖం: ‘దేవదాసు’ మద్యపాన చిత్రణ – మనోవైజ్ఞానిక పరిశీలన

వ్యాససంగ్రహం

శరత్‌చంద్ర చటోపాధ్యాయ ‘దేవదాసు’ నవల, దాని ఆధారంగా 1953లో వచ్చిన తెలుగు చలనచిత్రం తెలుగువారి ఊహలో తాగుబోతుకు ఒక శాశ్వతరూపాన్ని ఇచ్చాయి. ప్రేమ విఫలమైంది కనుక తాగాడన్నది ఆ రూపానికి మనం చెప్పుకుంటున్న భాష్యం. నవలలోని బాల్యఘట్టాలను, ఘాట్ దగ్గరి సన్నివేశాన్ని, చంద్రముఖి పాత్ర పరిణామాన్ని దగ్గరగా చదివితే ఈ భాష్యం నిలవదని ఈ వ్యాసం వాదిస్తుంది. దేవదాసు మద్యపానానికి మూలం పార్వతి దూరం కావడంలో కాక, బాధను మాటగా చెప్పుకోవడం నేర్పని పెంపకంలో ఉంది. వ్యసనచికిత్స గురించి ఆధునిక మనోవిజ్ఞానం గ్రహించిన విషయాల వెలుగులో నవలలోని శుశ్రూష ఎందుకు ఫలించలేదో పరిశీలించి, ఇటువంటి పఠనానికి ఉన్న పరిమితిని రావిశాస్త్రి సారా కథల పక్కన పెట్టి చర్చిస్తుంది.

కీలకపదాలు: దేవదాసు, వ్యసనం, మద్యపానం, భావోద్వేగం, మనోచికిత్స, శరత్ సాహిత్యం, సారా కథలు.

ఉపోద్ఘాతం

‘వ్యసనం’ అన్న మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. ఒకటి విడవలేని చెడు అలవాటు. రెండవది దుఃఖం, ఆపద. పాత తెలుగులో ‘వ్యసనపడటం’ అంటే తాగడం కాదు, బాధపడటం. కాలక్రమంలో రెండో అర్థం వెనుకబడి మొదటిదే వాడుకలో నిలిచింది. ఒకే మాటలో కలిసి ఉన్న కారణమూ కార్యమూ విడిపోయి, కార్యం ఒక్కటే మన చేతిలో మిగిలింది. వ్యసనపరుడంటే ఇప్పుడు మనకు తప్పు చేసినవాడే తప్ప దుఃఖంలో ఉన్నవాడు కాడు.

రాజనీతి గ్రంథాలు చెప్పే సప్తవ్యసనాల పట్టిక కూడా గమనించదగ్గది. స్త్రీ, జూదం, పానం, వేట మనకు వెంటనే గుర్తుకొస్తాయి. మిగిలిన మూడూ తరచుగా మరచిపోతాం. అవి వాక్పారుష్యం, దండపారుష్యం, అర్థదూషణం. పరుషంగా మాట్లాడటం, కఠినంగా దండించడం కూడా మద్యపానంతో సమానమైన వ్యసనాలేనని ఆ పట్టిక చెబుతోంది. తాగేవాడిని వ్యసనపరుడంటాం కానీ బిడ్డను బెత్తంతో కొట్టే తండ్రిని అలా అనం. ‘దేవదాసు’ను ఈ పట్టికతో చదివితే కథ కలకత్తాలో కాక తాళ్‌సోనాపూర్ పాఠశాలలోనే మొదలవుతుంది.

తెలుగులో ‘దేవదాసు’ నామవాచకంగా ఆగిపోలేదు. ‘దేవదాసు అయిపోయాడు’ అన్నది జాతీయమైంది. మాసిన గడ్డం, భుజాన శాలువా, చేతిలో సీసా, పక్కన కుక్క. పెళ్ళి కుదరని ప్రతి యువకుడికీ ఈ వేషం సిద్ధంగా ఉంది. తరగతిగదిలో శరత్ నవల ప్రస్తావన వస్తే ఇరవై ఏళ్ళ విద్యార్థి నవ్వుతూనే ఈ మాట అంటాడు. ఆ నవ్వులో ఒక అంగీకారం కూడా ఉంది: మగవాడికి మనసు విరిగితే తాగడం సహజమే. ఈ అంగీకారాన్ని సాహిత్య విమర్శ పెద్దగా ప్రశ్నించలేదు. దేవదాసు ప్రేమికుడా, పిరికివాడా, జమీందారీ కుటుంబవ్యవస్థకు బలిపశువా అని చర్చించుకున్నాం. అతడి తాగుడును మాత్రం ప్రేమకథకు అనుబంధంగా చూసి వదిలేశాం.

నవల, చిత్రం, అంతకుముందున్న దృష్టి

శరత్ ఈ నవలను ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో, పాతికేళ్ళ వయసులో రాశాడు. అచ్చులోకి వచ్చింది 1917లో. చక్రపాణి వంటివారి అనువాదాలతో శరత్ తెలుగు పాఠకుల ఇళ్ళలో సొంత రచయిత అయ్యాడు. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి నటించిన చిత్రం ఈ పాత్రను నిరక్షరాస్యుల దాకా తీసుకువెళ్ళింది.

అప్పటికి తెలుగులో మద్యపానం గురించి మాట్లాడే పద్ధతి ఒకటి స్థిరపడి ఉంది. కాళ్ళకూరి నారాయణరావు ‘మధుసేవ’ వంటి సంస్కరణ నాటకాల్లో తాగుడు ఒక సాంఘిక దురాచారం. తాగేవాడు ఇల్లు గుల్ల చేసుకుంటాడు, చూసేవాడు బుద్ధి తెచ్చుకోవాలి. అంతకుముందే గురజాడ ‘కన్యాశుల్కం’ సారాదుకాణం రంగంలో మరో మర్మం పట్టుకున్నాడు. అక్కడ మత్తుకు వేదాంతం తొడుగై కూర్చుంటుంది. సంస్కరణ నాటకం తాగేవాడిని దోషిని చేసింది. దేవదాసు చిత్రం అతణ్ణి నిర్దోషిని చేసింది. రెండూ తాగుడుకు ముందున్న మనిషిని చూడలేదు. నవల మాత్రం చూసింది. యువరచయిత పచ్చిదనం నవలంతటా కనిపిస్తుందన్నది నిజమే. అయినా బాల్యాన్ని రాసిన తొలి అధ్యాయాల్లో శరత్ కలం తర్వాతి కన్నీటి ఘట్టాలలో కంటే నిబ్బరంగా నడిచింది.

వెదురుపొదలో హుక్కా

బడిలో ఒక పిల్లవాణ్ణి సున్నపుకుప్పలోకి తోసి దేవదాసు పారిపోతాడు. ఇంటికి వెళ్ళడు. తండ్రి కొడతాడని భయం. ఊరి వెదురుపొదలో దాక్కుంటాడు. అతడు ఎక్కడుంటాడో తెలిసినది పార్వతికి మాత్రమే. ఆమె తినడానికి ఏదో పట్టుకుని వెళ్ళేసరికి అతడు పెద్దవాడిలా కూర్చుని చిన్న హుక్కా పీలుస్తూ ఉంటాడు.

తెలుగు పాఠకులు ఈ హుక్కాను గుర్తుపెట్టుకోలేదు. పిల్లవాడి అల్లరిగా చదివి నవ్వుకుని వదిలేశాం. కానీ తర్వాత జరగబోయే వ్యసనకథ మొత్తానికీ నమూనా ఇక్కడే ఉంది. ఒక తప్పు, దాని వెంట భయం, ఆ భయాన్ని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేకపోవడం, దాక్కోవడానికి ఒక చోటు, ఆ చోట చేతిలో ఒక మత్తువస్తువు, అన్నీ సర్దుకుని వచ్చే ఒక ఆడపిల్ల. వెదురుపొద స్థానంలో కలకత్తాలోని చంద్రముఖి ఇంటినీ, హుక్కా స్థానంలో సీసానూ పెడితే నవల ఉత్తరార్ధం వస్తుంది. పార్వతి ఇంకా దూరం కాలేదు, పక్కనే ఉంది. అయినా అతడు పొగ పీలుస్తూనే ఉన్నాడు. ప్రేమవైఫల్యమే మూలమనే వాదనకు నవల తన తొలి పుటల్లోనే సమాధానం చెప్పింది.

ఈ దండపారుష్యం ఒక చోట ఆగేది కాదు. బాల్యంలోనే దేవదాసు పార్వతిని కొడతాడు. ఒంటిమీది దెబ్బలు చూసి ఇంట్లో అడిగితే ఆమె పంతులు కొట్టాడని అబద్ధమాడుతుంది. శరత్ ఈ అబద్ధాన్ని చాలా మామూలుగా రాసి ముందుకు సాగిపోతాడు. కొట్టినవాణ్ణి కాపాడటం తన బాధ్యత అని ఆ పసిపిల్ల అప్పుడే నేర్చుకుంది. వ్యసనపరుడున్న కుటుంబంలో భార్యలూ తల్లులూ బయటివాళ్ళకు చెప్పే అబద్ధాలను వినినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు.

చేపలగాలం

యౌవనఘట్టంలో కీలకమైనది ఘాట్ దగ్గరి సన్నివేశం. అంతకుముందు పార్వతి అర్ధరాత్రి అతడి గదికి వచ్చింది. ఎంతో తెగువతో తన మనసు చెప్పింది. అతడు తండ్రిని అడిగాడు, తండ్రి కాదన్నాడు. ఎదిరించలేదు, ఒప్పుకోనూ లేదు. కలకత్తాకు వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి ప్రేమ లేదంటూ ఉత్తరం రాశాడు. రాసిన వెంటనే పశ్చాత్తాపపడి తిరిగివచ్చాడు. పార్వతి ఆత్మాభిమానంతో మాట్లాడేసరికి చేతిలోని గాలపుకర్రతో ఆమె నుదుటిమీద కొట్టాడు.

ఈ దెబ్బను ప్రేమచిహ్నంగా చదివే అలవాటు మనకుంది. మచ్చ జ్ఞాపకమైంది, జ్ఞాపకం కవిత్వమైంది. సన్నివేశాన్ని ఉన్నదున్నట్టు చూస్తే అక్కడ జరిగినది వేరు. అతడి లోపల అవమానం ఉంది, భయం ఉంది, తనమీద తనకే ఏవగింపు ఉంది. వీటిలో ఒక్కదాన్నీ పేరుపెట్టి చెప్పలేకపోయాడు. చెప్పలేనప్పుడు చేయగలిగినవి అతడికి మూడే తెలుసు: పారిపోవడం, మౌనంగా ఉండిపోవడం, కొట్టడం. నాలుగోది కలకత్తాలో నేర్చుకున్నాడు.

భావాలను గుర్తించలేకపోవడం, గుర్తించినా మాటల్లో పెట్టలేకపోవడం అనే స్థితికి 1970లలో మనోవైద్యుడు పీటర్ సిఫ్నియాస్ ‘అలెక్సీథైమియా’ అని పేరుపెట్టాడు. భావం లేకపోవడం కాదది, భావానికి మాట లేకపోవడం. ఎడ్వర్డ్ ఖాన్‌జియన్ అనే అమెరికన్ మనోవైద్యుడు 1985లో ‘స్వీయవైద్య ప్రతిపాదన’ను సమగ్రంగా ముందుకు తెచ్చాడు. వ్యసనపరులు సుఖం కోసం కాదు, భరించలేని ఒక భావస్థితి నుంచి ఉపశమనం కోసం మత్తును ఆశ్రయిస్తారన్నది ఆ ప్రతిపాదన సారం. శరత్ ఇది ఖాన్‌జియన్‌కు ఎనభై ఏళ్ళ ముందే ఒక పాత్ర చేత చేయించాడు. దేవదాసుకు చంద్రముఖి ఇల్లంటే మొదట అసహ్యం. ఆ అసహ్యంతో అక్కడ కూర్చోలేడు, లేచి వెళ్ళడానికి మరో చోటు లేదు. కనుక అక్కడ ఉండగలగడానికి తాగుతాడు. మద్యం అతడికి ఇష్టమని నవలలో ఎక్కడా అనిపించదు. తన భావంతో తాను ఒకే గదిలో ఉండలేని మనిషి తాగుడు ఇది.

ఇక్కడొక జాగ్రత్త అవసరం. అన్ని వ్యసనాలకూ బాల్యదుఃఖమే కారణమని చెప్పడం శాస్త్రం కాదు. మద్యవ్యసనంలో వంశపారంపర్యం పాత్ర దాదాపు సగం వరకూ ఉంటుందని కవలలమీద జరిగిన అధ్యయనాలు సూచిస్తాయి. సరుకు దొరికే తీరు, ధర, స్నేహబృందం, వృత్తి ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. అయినా బాల్యానుభవం బరువు తక్కువేమీ కాదు. ఫెలిట్టి బృందం 1998లో అమెరికాలో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం ప్రకారం, బాల్యంలో నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల ప్రతికూల అనుభవాలు ఎదుర్కొన్నవారిలో మద్యవ్యసనం, మాదకద్రవ్యాలు, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి వాటి ముప్పు, అవేవీ లేనివారితో పోలిస్తే నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ. సాహిత్య విమర్శకు ఇది రుజువుగా పనికిరాదు. దేవదాసు కల్పితపాత్ర, రోగి కాడు. కానీ ఏ పుటను దాటేస్తున్నామో మనకు గుర్తుచేయడానికి పనికొస్తుంది.

పాట ఎవరికి వినిపించింది

తెలుగు చిత్రంలో దేవదాసు తాగి పాడతాడు. ఘంటసాల గొంతులో ఆ పాటలు ఏడు దశాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. వాటి గొప్పదనాన్ని ప్రశ్నించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పాట కథలో ఏ పని చేస్తోందన్నదే ప్రశ్న.

దుఃఖంలో ఉన్నవాడు పాడుతున్నాడు కనుక చెప్పుకున్నాడని మనకు అనిపిస్తుంది. ఎవరికి చెప్పుకున్నాడు? ప్రేక్షకుడికి. కథలోని ఏ మనిషికీ కాదు. తల్లికి చెప్పలేదు, అన్నకు చెప్పలేదు, పార్వతికి సకాలంలో చెప్పలేదు. పాట ముగిసేసరికి మన గుండె తేలికవుతుంది, అతడిది అంతే బరువుగా ఉంటుంది. పైగా ఆ పాటల్లో వ్యక్తిగత దుఃఖం జగత్తును గురించిన తాత్త్వికచింతనగా మారుతుంది. గురజాడ సారాదుకాణంలో హాస్యంగా చూపిన వేదాంతపు తొడుగు ఇక్కడ కరుణరసమైంది. లోకమే ఇంతేనన్న నిర్ణయం వినడానికి ఉదాత్తంగా ఉంటుంది. కానీ నాకు భయంగా ఉంది, నేను తప్పు చేశాను అన్న రెండు చిన్నమాటల నుంచి తప్పించుకోవడానికి అంతకంటే మంచి మార్గం లేదు. తన బాధ గురించి కాక లోకస్వభావం గురించి మాట్లాడే రోగిని చికిత్సకుడు మెల్లగా సొంత కథలోకి మళ్ళిస్తాడు. మనం చప్పట్లు కొట్టాం.

అందుకే నవల పఠితకూ చిత్రం ప్రేక్షకుడికీ మధ్య ఒక తేడా ఏర్పడింది. నవలలో దేవదాసు తాగుడు ఎక్కువ భాగం నిశ్శబ్దం, జబ్బు, వాంతి, జ్వరం. చిత్రంలో అది గానం. తెలుగు జాతీయం నవల నుంచి పుట్టలేదు, గానం నుంచి పుట్టింది.

ఒట్టు, దీక్ష, చికిత్స

పార్వతి అతడిని తాగడం మానమని మాట అడుగుతుంది. అతడు ఆ మాట ఇవ్వడు. చనిపోయేలోగా ఒకసారి ఆమె గుమ్మానికి వస్తానన్న మాట మాత్రం ఇస్తాడు. నవలలో అత్యంత నిజాయితీగల సంభాషణ ఇదే అని నా అభిప్రాయం. తాను నిలబెట్టుకోలేని మాట ఏదో అతడికి తెలుసు.

మన ఇళ్ళలో తాగుడుకు మొదటి మందు ఒట్టు. తలమీద చేయి వేయించుకోవడం, బిడ్డమీద ప్రమాణం చేయించుకోవడం. ఒట్టు తప్పినప్పుడు తాగినవాడికి రెండు బరువులు మిగులుతాయి: తాగిన సిగ్గు ఒకటి, బిడ్డమీది ప్రమాణం తప్పిన సిగ్గు మరొకటి. సిగ్గు భరించలేక తాగేవాడికి మరింత సిగ్గు ఇవ్వడం ఏ విధంగా మందవుతుంది? విలియం మిల్లర్ 1983లో ప్రతిపాదించి, తర్వాత స్టీఫెన్ రోల్‌నిక్‌తో కలిసి విస్తరించిన ‘ప్రేరణాత్మక సంభాషణ’ పద్ధతి ఈ చిక్కు దగ్గరే బయలుదేరింది. నిలదీస్తే తాగేవాడు తాగుడును సమర్థించుకుంటాడు. తాగడంవల్ల తనకు ఏం ఒరుగుతోంది, ఏం పోతోంది అన్నవి రెండూ అతడి నోటితోనే పలికించి, మానాలన్న వైపు అతడు స్వయంగా మొగ్గేదాకా వినగలగాలి. దేవదాసుకు నవలంతటా బోధించేవారున్నారు, ఏడ్చేవారున్నారు. ఏమిటి నీ బాధ అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చున్నవారు ఒక్కరూ లేరు. చంద్రముఖి కొంత దూరం వచ్చింది. ఆమె సంగతి తర్వాత.

తెలుగునేలమీద అయ్యప్పదీక్ష ఈ సందర్భంలో ఆలోచించదగినది. ఏడాది పొడుగునా తాగేవారు కూడా మాల వేసుకున్న నలభైఒక్క రోజులు చుక్క ముట్టరు. మాల తీసిన రాత్రే మళ్ళీ మొదలుపెట్టేవారినీ చూస్తుంటాం. దీన్ని వేళాకోళం చేయడం తేలిక. కానీ దీక్షలో ఏమేమి అమరుతున్నాయో లెక్కవేస్తే వేళాకోళం ఆగిపోతుంది. పేరు మారుతుంది, నిన్నటి తాగుబోతు నేడు ‘స్వామి’. వేకువ స్నానంతో రోజుకు ఒక క్రమం వస్తుంది. సాయంత్రం, అంటే తాగే వేళకు, భజనబృందం తోడుంటుంది. ఇంట్లో గౌరవం దొరుకుతుంది. చికిత్సాకేంద్రాలు ఎంతో శ్రమపడి కల్పించాలనుకునేవి ఇవే. అమరనిది ఒక్కటే: ఏ బాధను తట్టుకోవడానికి తాగుతున్నాడో దాన్ని గురించి మాట్లాడే చోటు. మాల తీసిన మర్నాడు ఆ బాధ యథాస్థానంలో ఎదురవుతుంది. మరో ప్రమాదం కూడా చెప్పాలి. ఏళ్ళ తరబడి భారీగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మూర్ఛలు, మతిభ్రమ వంటి ప్రాణాపాయ స్థితులు రావచ్చు. వారికి మొదటి రోజులలో సంకల్పం కంటే వైద్యపర్యవేక్షణ ముఖ్యం.

మనదేశంలో ఈ సహాయం ఎంత దూరంగా ఉందో 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఎయిమ్స్ నిర్వహించిన ఆ సర్వే లెక్కన సుమారు 16 కోట్లమంది మద్యం తాగుతున్నారు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన ముప్పైఏడుగురికీ ఒట్లూ దీక్షలూ పాటలే దిక్కు. ఇందులో ఆశ కలిగించేది గోవాలో జరిగిన ఒక ప్రయోగం. ప్రాథమిక ఆరోగ్యకేంద్రాలకు వచ్చిన, హానికరంగా తాగుతున్న పురుషులతో, మనోవైద్యపట్టా లేని సాధారణ సలహాదారులు శిక్షణ పొంది గరిష్ఠంగా నాలుగుసార్లు మాట్లాడారు. తాగాలన్న తహతహను దాటడం, కష్టమైన భావాలను పట్టుకోవడం, స్నేహితుడు గ్లాసు అందించినప్పుడు వద్దనడం ఎలాగో నేర్పారు. 2017లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం మూడు నెలలకు వారిలో 36 శాతం ప్రమాదకర స్థాయి నుంచి బయటపడ్డారు. మామూలు వైద్యం పొందినవారిలో ఇది 26 శాతం. తేడా అద్భుతమేమీ కాదు. కానీ నాలుగు సంభాషణలకు వచ్చిన తేడా అది.

చంద్రముఖి ఒక్కతే మారింది

ఈ నవలలో వ్యసనంతో ముడిపడిన జీవితం నుంచి బయటపడిన మనిషి ఉంది. విమర్శ ఆమెను త్యాగమూర్తిగా చూసి, బయటపడిన మనిషిగా చూడటం మరచింది. చంద్రముఖి వృత్తిని వదిలింది. వదలడంతో సరిపెట్టలేదు. ఇల్లు మార్చింది, నగరాన్ని వదిలి పల్లెకు వెళ్ళింది. ఊరివారితో సంబంధాలు కలుపుకుంది, చిన్న పనులతో రోజులను నింపుకుంది. అలవాటును మానడం ఖాళీని సృష్టిస్తుంది, ఆ ఖాళీని కొత్త జీవితంతో నింపకపోతే పాతదే వచ్చి కూర్చుంటుంది. శరత్ ఈ సంగతిని చంద్రముఖి విషయంలో ఎంతో ఓపికగా రాశాడు. దేవదాసుకు మాత్రం అటువంటి చోటు ఇవ్వలేదు. అతడికి ఇచ్చినది ప్రయాణాలు. ఊరూరు తిరగడం కూడా వెదురుపొదే.

చంద్రముఖి అతడిని కలకత్తా వీధిలో కనుగొని, తెచ్చి, సేవచేసి నిలబెడుతుంది. శరీరం కోలుకుంటుంది. కానీ అతడి లోపల ఏముందో ఇద్దరూ ముట్టుకోరు. అతడు మందు మానినది వైద్యుడి హెచ్చరికకూ ఆమె మంచితనానికీ. రెండూ బయటివే. తర్వాత ప్రయాణంలో పాత స్నేహితుడు ఎదురవుతాడు, నవలలో చున్నీలాల్, తెలుగు చిత్రంలో భగవాన్. సీసా మళ్ళీ వస్తుంది. మానినవారు మళ్ళీ మొదలుపెట్టే సందర్భాలను అధ్యయనం చేసిన అలన్ మార్లాట్, వాటిలో ఎక్కువ భాగం మూడు రకాల కిందికి వస్తాయన్నాడు: బాధాకరమైన భావస్థితి, మనుషులతో తగవు, తోటివారి ఒత్తిడి. ఒకసారి తప్పితే ఇక అంతా పోయిందనుకునే నిరాశ ఆ తప్పును పూర్తి పతనంగా మారుస్తుందనీ అన్నాడు. దేవదాసు రెండో పతనం సరిగ్గా ఇలాగే జరిగింది. మనం దాన్ని విధి అన్నాం.

సేవకూ చికిత్సకూ ఉన్న భేదం ఇక్కడ కనిపిస్తుంది. ధర్మదాసు, చంద్రముఖి, పార్వతి ముగ్గురూ అతడికి కావలసినవన్నీ అమర్చాలనే చూశారు. అమర్చడంవల్ల అతడు తన భావాన్ని తాను మోయవలసిన అవసరమే రాలేదు. బాల్యంలో వెదురుపొదకు తిండి వచ్చింది, చివరిదాకా వస్తూనే ఉంది. ఈ మాట ఆ స్త్రీల ప్రేమను తక్కువ చేయడానికి కాదు. అతడిని కాపాడే బాధ్యతను మొత్తంగా స్త్రీలమీద పెట్టిన కథానిర్మాణాన్ని, దాన్ని ఆదర్శంగా స్వీకరించిన మనల్ని గురించినది.

పార్వతి సంగతీ ఉంది. ఆమె తాగలేదు. హాతీపోత జమీందారు ఇంట్లో అడుగుపెట్టి నగలన్నీ సవతికూతురికి ఇచ్చేసింది. దానధర్మాల్లో, ఇంటిపనిలో మునిగిపోయింది. మునిగిపోవడం అన్న మాట ఇద్దరికీ వర్తిస్తుంది. ఒకరిది లోకం మెచ్చింది కనుక దాన్ని కర్తవ్యం అన్నాం. దుఃఖాన్ని ముట్టుకోకుండా బతకడానికి స్త్రీకి అనుమతించిన మత్తు అదొక్కటే అయితే, దాన్ని కూడా ఇదే కంటితో చదవాలి. ఇది విడిగా ఒక పరిశోధన కాదగ్గ అంశం.

జమీందారు కొడుకు, ముత్యాలమ్మ

ఈ పఠనానికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. దేవదాసు జమీందారు కొడుకు. తాగడానికి ఆస్తి ఉంది, తిరగడానికి తీరిక ఉంది, వెంట నౌకరు ఉన్నాడు. మద్యపానానికి భావోద్వేగ మూలాలు వెతకడం తీరికగలవారి కథలకే సరిపోతుందా? ఓడరేవులో మూటలు మోసి ఒళ్ళునొప్పులకు సారా తాగేవాడి దగ్గరకు వెళ్ళి నీ బాల్యం ఎలా గడిచిందని అడగగలమా?

రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఈ ప్రశ్నను మనముందు పెడతాయి. మద్యనిషేధ చట్టం అమల్లో ఉన్న కాలపు విశాఖ ప్రాంతాన్ని చిత్రించిన ఆ కథల్లో సారా ఒక వ్యాపారం, ఒక కేసు, పోలీసులకూ ప్లీడర్లకూ ఒక ఆదాయమార్గం. ‘మాయ’ కథలో సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ యువ వకీలుకు చెప్పేది మనసు గురించి కాదు, చట్టం ఎవరి పక్షాన ఎలా నడుస్తుందో చెబుతుంది. రావిశాస్త్రి చూపు తాగేవాడి గుండెలోకి పోకపోవడం లోపం కాదు. ఆ గుండెలోకి చూసేలోగా చుట్టూ జరుగుతున్న దోపిడీ తప్పించుకుపోతుందని ఆయనకు తెలుసు. దేవదాసుకు ఉన్నది ముత్యాలమ్మకు లేదు: మొదటినుంచి చివరిదాకా తననే చూసే కథకుడి సానుభూతి. మన సాహిత్యంలో భూస్వామి తాగితే అది విషాదం, కూలివాడు తాగితే అది సమస్య.

కాబట్టి భావోద్వేగ మూలాల పఠనం వర్గాన్ని దాటి వెళ్ళాలంటే కూలివాడికి కూడా అంతరంగం ఉందని ఒప్పుకోవాలి. అతడి ఒళ్ళునొప్పి నిజం. పొద్దంతా పడ్డ తిట్లు, తీరని అప్పు, ఇంట్లో తాను మగవాడిగా నిలవలేకపోయానన్న సిగ్గు కూడా అంతే నిజం. ఇవి మూటల బరువు కంటే తక్కువవని ఎవరు తేల్చారు? గోవా ప్రయోగంలో సలహాదారుల ముందు కూర్చున్నవారు జమీందారు కొడుకులు కారు. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రానికి వచ్చిన సామాన్యులు.

నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో స్త్రీలు సారా దుకాణాలమీదికి వెళ్ళినప్పుడు ఏ మనోవైజ్ఞానిక సిద్ధాంతం కోసమూ ఆగలేదు. సరుకు ఊళ్ళోకి రాకుండా చేస్తే తాగుడు తగ్గుతుందన్నది వారి లెక్క. ఆ లెక్కలో బలముంది. 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అందులోంచే వచ్చాయి. ఉద్యమానికి ప్రేరణల్లో ఒకటి అక్షరాస్యత కార్యక్రమపు వాచకంలోని ‘సీతమ్మ కథ’. సారా ఒక ఇంటిని ఏం చేసిందో చెప్పే పాఠం అది. తెలుగులో మద్యపానం గురించి రాసిన పాఠాలన్నింటిలో చదివినవారిని అంత వేగంగా కదిలించినది మరొకటి ఉండకపోవచ్చు. దేవదాసు ప్రేక్షకులు ఏడ్చి ఇంటికి వెళ్ళారు. సీతమ్మ పాఠకులు దుకాణానికి వెళ్ళారు.

అయినా ఈ రెండు పాఠాలకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ తాగేవాడి పక్కనున్న స్త్రీ బాధ మనకు అందుతుంది. తాగేవాడు తన గురించి తాను చెప్పుకున్న మాట మాత్రం అందదు. తాగుడు మానినవారు స్వయంగా చెప్పిన కథనాలు తెలుగునాట పునరావాస కేంద్రాల్లోనూ, మద్యవిముక్తి స్వయంసహాయక బృందాల సమావేశాల్లోనూ ప్రతివారం వినిపిస్తూనే ఉన్నాయి. గోప్యత కాపాడుతూ, వారి అనుమతితో వాటిని మౌఖికకథనాలుగా సేకరించి అధ్యయనం చేసే పని మన తెలుగుశాఖల్లో ఇంకా మొదలుకావలసి ఉంది. ఆ కథనాల్లో ‘వ్యసనం’ అన్న మాట ఏ అర్థంలో వాడుతున్నారో అక్కడే తేలుతుంది.